చంద్రుడి ప్రతిధ్వని కోసం వాకాడు తీరాన

ఈ ఉద్యోగంలోకి రాబోయే పిల్లలు నా దగ్గరికొచ్చి ఒకటే అడుగుతారు: "ఏం చదవమంటారు సార్?" చదవాల్సినవన్నీ మీ మేష్టర్లు చెబుతారు. నేను చెప్పేది వేరు. ఈ పని అసలు ఏమిటో, ఇందులో ఎక్కడ బోర్లా పడతామో, పడ్డాక ఎట్లా లేస్తామో నాకు తెలిసినంతవరకు చెబుతాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ ఫైలు ఎవరు తొక్కిపట్టారు వంటి కబుర్లు ఇందులో లేవు. అవి చెప్పడానికి నాకంటే నోరున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు.

నా పేరు దేవదానం. మాది నాయుడుపేట. మా నాన్న చర్చిలో హార్మోనియం వాయించేవాడు. నేను పక్కన నిలబడి, పాటలో శ్రుతి తప్పినవాళ్ళని వేలుపెట్టి చూపించి తిట్లు తినేవాణ్ణి. ఆ చెవి వల్లే నాకు రేడియో ఉద్యోగం వచ్చింది. ఆ చెవి వల్లే ఒకసారి పరువూ పోయింది.

అరవైల మొదట్లో వాకాడు దగ్గర, సముద్రపు ఒడ్డున, సరుగుడు తోపు పక్కన మాది ఒక చిన్న పరిశోధన కేంద్రం. రెండు రేకుల షెడ్లు, ఒక బావి, ఇసకలో కట్టిన రాతి దిమ్మె మీద ముప్పై అడుగుల వెడల్పున్న ఇనుప వల గిన్నె. కాగితాల మీద దాని పేరు రేడియో టెలిస్కోప్. ఊళ్ళో దాని పేరు మూకుడు. కొన్నాళ్ళకి మేమూ మూకుడు అనే అన్నాం.

ఉప్పు, తుప్పు, పీత

ఈ ఉద్యోగమంటే ఆకాశం వంక చూస్తూ కూర్చోవడం అనుకుంటారు. నా సర్వీసులో సగం రోజులు తుప్పు గోకడంలోనే గడిచాయి. సముద్రం గాలికి ఇత్తడి పచ్చబడిపోతుంది, తీగలు పొడిపొడిగా రాలిపోతాయి. రోజూ పొద్దున్నే ప్రతి అతుకూ విప్పి, స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ బిగించి, పైన మైనం పూయాలి. ఒక్కరోజు బద్ధకించినా మర్నాడు రిసీవర్ మూగబోతుంది. ఈ పని చిన్నతనం అనుకునేవాడు దయచేసి వేరే ఉద్యోగం చూసుకోవాలి.

ఒకసారి మూడురోజులపాటు రిసీవర్‌లో ఒకటే గరగర. వాల్వులు మార్చాం, తీగలు మార్చాం. మా పెద్దాయన దూరపు ఉరుముల ప్రభావం అంటూ నాలుగు పేజీలు రాసిపడేశారు. చివరికి పోలయ్య మూకుడు మధ్యలో తరంగాల్ని పట్టడానికి నిలబెట్టిన కొమ్ము దాకా ఎక్కి, అందులో చెయ్యి పెట్టి, ఇంతలావు పీతని బయటికి లాగాడు.

"ఇదిగో అయ్యా, మీ ఉరుము!" అన్నాడు పైనుంచే, దాన్ని ఊపుతూ.

పెద్దాయన ఆ నాలుగు పేజీలూ చింపేశారు. మధ్యాహ్నం పోలయ్య ఆ పీతని కూర చేయించుకొచ్చాడు, నేనూ తిన్నాను. ముందు కళ్ళతో చూడండి, తరువాత సిద్ధాంతం రాయండి. ఇంత తేలికైన మాట ఈ వృత్తిలో ఎవరి తలకీ ఎక్కదు.

పోలయ్య ఎవరో చెప్పాలి. పక్క పల్లెపాలెం మనిషి, పడవ మీద పెరిగినవాడు. మూకుడుని తిప్పడానికి మాకు మోటారు లేదు. కప్పీలు, మోకులే. తెరచాప ఎత్తినట్టు పోలయ్య, ఇంకో ఇద్దరు కలిసి లాగేవాళ్ళు. ఎంత లాగాలో తెలియడానికి మోకు పొడుగునా గుడ్డపేలికలతో ముళ్ళు వేసి పెట్టాడు. ఒక ముడి జారితే అర డిగ్రీ. మదరాసు నుంచి వచ్చినవాళ్ళు అది చూసి నవ్వేవాళ్ళు. కోణమానిని పెట్టి కొలిచి చూసి నవ్వు మానేసేవాళ్ళు.

మా పెద్దాయన

మా పై అధికారి కోదండరామయ్య గారు. బుచ్చిరెడ్డిపాలెం దగ్గర వరిపొలాలున్న కుటుంబం. భౌతికశాస్త్రంలో దిట్ట. కోపం ముక్కు మీద ఉండేది, దిగిపోవడానికీ అంతసేపు పట్టేది కాదు. సముద్రం మీద గాలి పొరల్లో రేడియో తరంగాలు ఎట్లా వంగుతాయో కనిపెట్టడం మాకు ఇచ్చిన పని. అందుకే మా మూకుడు సముద్రం అంచునే చూస్తుంది. అంచు నుంచి పది పన్నెండు డిగ్రీలకి మించి పైకి లేవదు.

ఆయనకి పట్టిన పిచ్చి మాత్రం చంద్రుడు. సముద్రం మీద పొడిచే చంద్రుడి మీదికి ఒక రేడియో కేక వేసి, అది తగిలి తిరిగి వస్తే పట్టుకోవాలి. పోవడానికీ రావడానికీ కలిపి రెండున్నర సెకన్లు. విదేశాల్లో చేశారు. మన దగ్గర, ఇంత చిన్న మూకుడుతో, మోకులతో లాగి చేసి చూపిస్తానని ఆయన పంతం. ఎవరి కాళ్ళో పట్టుకొని పెద్ద ట్రాన్స్‌మిటర్ ఒకటి ఎరువు తెచ్చారు. ఏడాదిలోగా ఫలితం చూపించాలి, లేకపోతే అది వెనక్కి పోతుంది, దానితోపాటు మా కేంద్రమూ మూతపడుతుంది. షరతు అదీ.

ఒక షెడ్డులో ట్రాన్స్‌మిటర్. దాని దగ్గర ఖాదర్, నెల్లూరు కుర్రవాడు, నా ఈడువాడే. అతను కీ నొక్కి కేక పంపుతాడు. పంపినంతసేపూ నా షెడ్డులో రిసీవర్ నోరు మూసి ఉంటుంది. పంపడం ఆపగానే గంట కొడతాడు. అప్పుడు నేను హెడ్‌ఫోన్‌లో వినాలి. ఇసక మీద నీళ్ళు ఇంకుతున్నట్టు ఒకటే హోరు. ఆ హోరులో, రెండున్నర సెకన్ల తరువాత, సన్నని కూత ఒకటి రావాలి.

నేను విన్నానన్న రోజు

రెండు నెలలు ఏమీ రాలేదు. గంట మోగడం, నేను తల అడ్డంగా ఊపడం, పెద్దాయన బయటికి వెళ్ళి సిగరెట్ వెలిగించడం. ఆ ముఖం చూడలేకపోయేవాణ్ణి. రోజూ రాత్రి ప్రార్థనలో కూడా ఆ కూతే అడిగేవాణ్ణి.

ఒకరోజు వినిపించింది. ప్రమాణంగా వినిపించింది! గంట, హోరు, సరిగ్గా ఎక్కడ రావాలో అక్కడ దారమంత సన్నగా ఒక కూత. "వచ్చింది సార్!" అని అరిచాను. మళ్ళీ పంపించారు. మళ్ళీ వచ్చింది. పెద్దాయన నన్ను వాటేసుకొని, జీపులో నాయుడుపేట పోయి, పై ఆఫీసుకి టెలిగ్రాం కొట్టి వచ్చారు. ఊరంతా మిఠాయి.

మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాం. గంట మోగింది. "ఉంది సార్, నిన్నటికన్నా బాగుంది" అన్నాను.

అప్పుడు ఖాదర్ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"సార్, ఈ పొద్దు హై వోల్టేజీ స్విచ్చి వెయ్యడం మర్చిపోయినా. ఇప్పటిదాకా మనం చంద్రుడికి ఏమీ పంపలేదు సార్."

 నిన్నా ఇవాళా నేను విన్నది నా ఆశని. ఎప్పుడు రావాలో తెలుసు, ఎట్లా ఉండాలో తెలుసు, రావాలని ప్రాణం కొట్టుకుంటోంది. చెవి దానంతట అదే అల్లేసింది. అబద్ధం చెప్పలేదు నేను. కానీ అబద్ధం చెప్పినవాడికీ నాకూ ఫలితంలో తేడా ఏమీ లేదు.

పెద్దాయన తన పేరుతోనే ఇంకో టెలిగ్రాం పంపారు: ముందు చెప్పింది పొరపాటు, బాధ్యత నాది అని. నా పేరు ఎక్కడా రాయలేదు. పై ఆఫీసువాళ్ళు నవ్వుకున్నారు. వచ్చే శుక్లపక్షంలో ఒక అధికారి వచ్చి ట్రాన్స్‌మిటర్ సంగతి తేల్చేస్తాడని ఉత్తరం వచ్చింది. తేల్చడమంటే ఏమిటో అందరికీ తెలుసు. నేను రాజీనామా రాసి తీసుకెళ్ళాను.

ఆయన చదివి, మడిచి, నా జేబులోనే పెట్టారు. "పోతే పో. నేనేం పట్టుకోను. కానీ పోయేముందు నిజంగా విని పో. నా దగ్గర ఇంకో చెవి లేదు" అన్నారు.

ఇట్లాంటి మాట అనగలిగిన పెద్దాయన మీకు దొరికితే వదులుకోకండి. నా సర్వీసులో అలాంటివారు ఇంకొకరు తగల్లేదు.

రెండు ముళ్ళు

అధికారి రావడానికి ఇంకా నెల ఉండగా పౌర్ణమి వచ్చింది. ఆ సాయంత్రం పై చదువులేవీ లేని పోలయ్య మా కళ్ళు తెరిపించాడు.

చంద్రుడు ఎక్కడుంటాడో నిమిషం నిమిషానికీ పంచాంగం లాంటి ఒక లావుపాటి పుస్తకంలో అంకెలుంటాయి. మేము వాటితో లెక్క కట్టి, ఇన్ని ముళ్ళు అని చెబితే పోలయ్య లాగేవాడు. మూకుడు గురి సరిగ్గా ఉందా అని సూర్యుడితో సరిచూసుకున్నాం. పొద్దున సూర్యుడు లేచేటప్పుడు అదే పుస్తకం, అవే ముళ్ళు. రిసీవర్‌లో సూర్యుడి హోరు ఎక్కడ రావాలో అక్కడే వచ్చింది. ఇంకేం, పుస్తకం సరైనదే, మోకు సరైనదే అని ధీమాగా ఉన్నాం.

ఆ పౌర్ణమినాడు మబ్బు లేదు. ఎర్రటి చంద్రుడు నీళ్ళలోంచి లేస్తున్నాడు. పోలయ్య మోకు పట్టుకొని, మూకుడు అంచుకి కట్టిన ఇనుపగొట్టంలోంచి తొంగిచూశాడు.

"అయ్యా, రెండు ముళ్ళు ఎక్కువ లాగినామండీ. మనం మామ నెత్తిమీద చూస్తా ఉండాం. మామ కిందుండాడు."

"ఎంత కిందున్నాడు?" అన్నారు పెద్దాయన.

"ఇద్దరు మామల్ని ఒకరి మీద ఒకర్ని పెట్టినంత."

"అది గాలి వంపులే పోలయ్యా. సముద్రం మీద కన్ను మోసం చేస్తుంది. లెక్క చెయ్యదు" అనేశారు ఆయన. నేనూ తల ఊపాను. మేము ఆరేళ్ళుగా గాలి వంపుని చదువుతున్నవాళ్ళం. ఎక్కడ తేడా కనిపించినా మాకు గాలి వంపే గుర్తొస్తుంది. ఈ తప్పు మేము కాక ఇంకెవరు చేస్తారు?

రెండురోజుల తరువాత భోంచేస్తుంటే చెయ్యి ఆగిపోయింది. గాలి వంపు దేన్నయినా పైకెత్తి చూపిస్తుంది. కిందికి దించదు. అసలు వంపుకి లెక్కలో ముందే సవరణ వేశాం. మరి పోలయ్య చంద్రుణ్ణి కింద చూశాడు కదా? చెయ్యి కడుక్కొని షెడ్డుకి పరుగెత్తాను. ఆ లావు పుస్తకంలో అంకెల పేజీలు నలిగి నల్లబడ్డాయి. మొదటి పేజీలు మాత్రం కొత్త నోటులా ఉన్నాయి. ఎవరూ చదవలేదు. అక్కడ రాసి ఉంది: ఈ స్థానాలన్నీ భూమి నడిబొడ్డున నిలబడి చూసేవాడికి.

భూమి నడిబొడ్డున ఎవడుంటాడు? మేము వాకాడు ఇసకలో ఉన్నాం. బొటనవేలు ముఖం ముందు పెట్టుకొని ఒక కన్ను మూసి, తరువాత రెండోది మూసి చూడండి. వేలు పక్కకి జరుగుతుంది, దూరపు చెట్టు జరగదు. సూర్యుడు దూరపు చెట్టు, అందుకే అన్నీ సరిపోయాయి. చంద్రుడు దగ్గరి వేలు; ఒక కన్ను భూమి నడిబొడ్డు, రెండోది వాకాడు. అంచున ఉన్నప్పుడు మన కంటికి దాదాపు ఒక డిగ్రీ కిందికి జరుగుతాడు. పోలయ్య రెండు ముళ్ళూ సరిగ్గా అవే! మా మూకుడు చూపు సన్నం కావడంతో, ఆ తేడాకి పోయే కేకా బలం పోగొట్టుకుంది, వచ్చే కేకా పోగొట్టుకుంది.

పెద్దాయనకి చెబితే నుదురు కొట్టుకున్నారు. "బీఎస్సీ పిల్లలకి పాఠం చెప్పినాన్రా ఇది! తెలిసీ మర్చిపోయినా!" అని అక్కణ్ణుంచి సరాసరి పోలయ్య దగ్గరికి వెళ్ళి, "తప్పు నాదే పోలయ్యా. నీ కన్నే కరెక్టు" అన్నారు, పదిమంది ముందు.

తరువాతి శుక్లపక్షం దశమి నాడు, చంద్రుడు మధ్యాహ్నమే పొడిచాడు. ఎండ పొగలో కంటికి కనపడడు. రెండు ముళ్ళు దించాం. పొడిచే చంద్రుడు మనవైపు వస్తుంటాడు గనుక ఎదురొచ్చే రైలు కూతలాగ ప్రతిధ్వని శ్రుతి కాస్త హెచ్చుతుందని రిసీవర్‌ని ఆ మేరకు సర్ది పెట్టాం. గంట మోగింది. హోరు. దానిలోంచి కూత వచ్చింది. కాస్త వణుకుతూ, పైకీ కిందికీ ఊగుతూ వచ్చింది.

పెద్దాయన నావంక చూశారు. నేను 'వచ్చింది' అనలేదు. "మూకుడు పక్కకి తిప్పించండి సార్" అన్నాను. తిప్పారు, పోయింది. మళ్ళీ తెచ్చారు, వచ్చింది. నాలుగుసార్లు అట్లా చేయించాకే "ఉంది" అన్నాను. ఈసారి ఎవరూ వాటేసుకోలేదు. టెలిగ్రామూ వెళ్ళలేదు. అధికారి ఎలాగూ మూడురోజుల్లో వస్తున్నాడు.

పది సార్లు

త్రయోదశి నాడు అధికారి దిగాడు. తెల్లటి ప్యాంటు, చేతిలో మా పాత టెలిగ్రాములు రెండూ. రాత్రి రైలుకి తిరుగుప్రయాణం. మర్యాదగానే మాట్లాడాడు గానీ నన్ను చూసినప్పుడల్లా పెదవి ఒక పక్కకి లాగేవాడు.

"ఈయనేనా ఏమీ పంపకపోయినా విన్నది? సరే. పదిసార్లు పంపిస్తాం. నేను ఖాదర్ దగ్గర నిలబడతాను. మీరిద్దరూ ఇక్కడే ఉండండి. గంట మోగినప్పుడల్లా ఉందో లేదో కాగితం మీద రాయాలి. రాసింది దిద్దకూడదు" అన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకి చంద్రోదయం. పెన్సిలు చెక్కి, కాగితం మీద ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసుకున్నాను. మొదటి గంట. ఉంది. రెండు, ఉంది. మూడు, నాలుగు, అయిదు, ఆరు, అన్నీ ఉన్నాయి. నా భుజం మీదుగా చూస్తున్న పెద్దాయన ఊపిరి నా చెవికి తగులుతోంది.

ఏడో గంట మోగింది. హోరు. ఒకటి, రెండు, రెండున్నర. ఏమీ లేదు.

ఆ క్షణం గురించి మీకు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ప్రతిధ్వని ఒక్కోసారి వాడిపోతుందని నాకు తెలుసు. వచ్చే ఉంటుంది, మరీ సన్నగా ఉంటుందిలే అని మనసు గోల పెట్టింది. కాస్త గట్టిగా అనుకుంటే వినిపించేలాగా కూడా ఉంది! ఇక్కడ 'లేదు' అని రాస్తే ట్రాన్స్‌మిటర్ పోతుంది. కేంద్రం పోతుంది. పోలయ్య కూలి, ఖాదర్ ఉద్యోగం, నా వెనక నిలబడ్డ ఈ మనిషి ఆరేళ్ళ బతుకు, అన్నీ పోతాయి.

'లేదు' అని రాశాను.

"సరిగ్గా విన్నావా?" అన్నారు పెద్దాయన. ఆయన గొంతు అట్లా ఎప్పుడూ వినలేదు.

"లేదు సార్. రాలేదు."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి అక్కడే ఉంచారు. ఎనిమిది, ఉంది. తొమ్మిది, మళ్ళీ లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి కాగితం మసకబారింది. 'లేదు' అనే రాశాను. పది, ఉంది.

అధికారి తన కాగితం పట్టుకొని వచ్చాడు. రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఒక్కొక్క వరసా వేలితో చూసుకుంటూ దిగాడు. ఏడు దగ్గర ఆగాడు. తొమ్మిది దగ్గర ఆగాడు. కళ్ళజోడు తీసేశాడు.

"ఏడోసారీ, తొమ్మిదోసారీ నేను ఖాదర్‌ని కీ ముట్టుకోనివ్వలేదు. ఉత్త గంట కొట్టించాను. మీరు పదికి పదీ విన్నానంటారనే నమ్మకంతో వచ్చాను. ఏమీ అనుకోకండి" అన్నాడు.

నాకు అర్థమయ్యేలోపే పెద్దాయన బయటికి దూకారు. ఇసకలో చెప్పుల్లేకుండా పరుగెడుతూ, "పోలయ్యా! మనోడు లేదన్నాడు పోలయ్యా! రెండుసార్లు లేదన్నాడు!" అని అరుస్తున్నారు.

మోకు పట్టుకొని ఉన్న పోలయ్య బిత్తరపోయాడు. "అయ్యయ్యో! లేదంటే ఇంత సంతోషమేంది సామీ? ఎండ తగిలిందా ఏంది?"

ఖాదర్ వచ్చి నా మెడ పట్టుకొని ఊపేశాడు. నేను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, సిగ్గు లేకుండా ఏడ్చాను. నా మాట మళ్ళీ మాట అయింది. అంతకుమించి ఏ ఉద్యోగమూ నాకేమీ ఇవ్వలేదు, నేను అడగనూ లేదు.

ట్రాన్స్‌మిటర్ మాతోనే ఉండాలని అధికారి అక్కడే, తన చేత్తోనే రాసి సంతకం పెట్టాడు. జీపు సిద్ధంగా ఉందని చెబితే, "రైలు రేపు కూడా ఉంటుంది కదా?" అన్నాడు. మర్నాడు చంద్రోదయానికి అరగంట ముందు నేను షెడ్డు తలుపు తీసేసరికి ఆయన నా కుర్చీలో కూర్చొని, హెడ్‌ఫోన్ తలకి పెట్టుకొని, కళ్ళు గట్టిగా మూసుకొని ఉన్నాడు.